ఇద్దరికీ ఒక గుడ్డు

మార్చి 4

వదినగారికి,

నమస్కారం. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా కులాసా. మీ ఇంట్లో మోకాళ్ళతో సహా అందరూ కులాసా అనుకుంటాను.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని మీరు అడగరు. కిందటి నెల ఫోనులో ఏం జరిగిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పప్పులో ఉప్పు ముందు వేయాలా తర్వాత వేయాలా అన్న దగ్గర మొదలై ఎవరి పెంపకం ఎలాంటిదన్న దాకా వెళ్ళింది. మీ అబ్బాయి మధ్యలో ఫోను లాక్కుని, "అమ్మలూ, ఇక మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి. సిరా ఆరేలోపు కోపం ఆరుతుంది" అన్నాడు. వియ్యాలవారి మాట కాదన్నా అల్లుడి మాట కాదనలేను. కవర్లు పది కొనుక్కొచ్చాను.

అసలు సంగతికి వస్తాను. అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. రక్తం తక్కువగా ఉందని, పదకొండు ఉండాల్సింది ఎనిమిదిన్నరే ఉందని మీ డాక్టరమ్మ అన్నదట. నిన్న ఫోనులో "ఏం తింటున్నావే?" అని అడిగితే "ఆకులమ్మా" అంది. మధ్యాహ్నం? "ఆకులే." సాయంత్రం? "ఆకుల్లో గింజలు." వదినగారూ, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ నేను కన్నది ఆడపిల్లను, మేకపిల్లను కాదు.

ధరల సంగతి నాకు తెలియక కాదు. మా బైండింగ్ షాపులో జిగురు కాచే పిండి ధర పెరిగిందని ఓనరు జిగురు పలచన చేయించాడు. పుస్తకాలు కూడా అరకడుపుతోనే బయటికి వెళుతున్నాయి. నిన్న మడిచిన అచ్చు కాగితాల ఫారాలు ఒక కట్ట కుట్టి అట్ట వేసి పక్కన పెడితే, పొద్దునకు అట్ట ఒకచోట, పుస్తకం ఒకచోట. అలాగని కడుపుతో ఉన్న పిల్లకు పలచన చేయలేం గదా.

అందుకని బలం పొడి డబ్బాలు రెండు పార్శిల్ చేశాను. డబ్బా మీద ఒక తల్లి నవ్వుతూ ఉంటుంది. ఆ పళ్ళ వరస చూస్తేనే తెలుస్తుంది, లోపల మంచి సరుకుందని. పాలలో కలిపి రోజుకు రెండుసార్లు ఇవ్వండి.

ఉంటాను,
ఆకుల మీద ఏ కోపమూ లేని,
మీ వియ్యపురాలు

*

మార్చి 11

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం సరిగ్గా భోజనాల వేళకు మా బస్సు డిపో క్యాంటీన్‌కు వచ్చింది. ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో చదివాను. మేకపిల్ల దగ్గరికి వచ్చేసరికి కూరలో ఉప్పు రెండోసారి పడింది. ఆ రోజు తిన్న డ్రైవర్లు, కండక్టర్లు అందరూ మిమ్మల్ని అడిగామని చెప్పమన్నారు.

ఆకులు పెడుతున్న మాట నిజమే. ఎందుకు పెడుతున్నానో వినండి. మొదటిసారి డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది. దానిమ్మ, ఆపిల్, బాదం, ఖర్జూరం, చేప. "అమ్మా, ఈ చీటీ మందుల షాపులో చూపించాలా, బ్యాంకులో చూపించాలా?" అని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది. చీటీ వెనక్కి తిప్పి ఇంకోటి రాసింది. తోటకూర, పాలకూర, పెసలు, అలసందలు, పల్లీలు, గుడ్డు. మాత్రలు ఎలాగూ ఇచ్చింది. "ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి, పులుపు తగిలితే ఇనుము ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, వచ్చిన ఇనుమును వచ్చినట్టే పంపేస్తుంది" అంది. ఆ రోజు నుంచి మీ అమ్మాయి టీ వంక చూడకుండా నేను పోలీసులా కాపలా కాస్తున్నాను.

ఇక ధరలంటారా. ఉల్లిపాయ కోస్తే కళ్ళనీళ్ళు వచ్చేవి, ఇప్పుడు కొంటేనే వస్తున్నాయి. నేను మార్కెట్‌కు మూసే వేళకు వెళతాను. అప్పుడు అమ్మేవాళ్ళకు ఇంటికెళ్ళే తొందర, నాకు బేరానికి తీరిక. దెబ్బ తిన్న టమాటాలు సగం ధరకే ఇస్తారు. పెసలు మొలకెత్తించి ఉడకబెడతాను, గుప్పెడు పెసలు గిన్నెడవుతాయి. గుడ్డు మటుకు మానలేదు. ఎంత కష్టమైనా సరే, ఇద్దరికీ కలిపి రోజూ ఒక గుడ్డు.

డబ్బాలు మోసుకుంటూ పోస్టాఫీసు మెట్లెక్కే శ్రమ ఎందుకు? మీకసలే మోకాళ్ళున్నాయి.

మీ వదిన,
డిపో క్యాంటీన్‌లో అందరూ 'గరిటె' అని పిలిచే మనిషి

*

మార్చి 20

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఆకలేసింది. మూడోసారి ఏడుపొచ్చింది.

కుళ్ళిన టమాటాలా వదినగారూ? కడుపుతో ఉన్న పిల్లకు సగం ధర టమాటాలా? సరే, అది పోనిద్దాం. ఇద్దరికీ కలిపి ఒక గుడ్డా? మొగుడికి సగం, పెళ్ళానికి సగమా? ఆ గుడ్డును దేనితో కోస్తున్నారు, దారంతోనా? మా షాపులో కాగితాలు సమానంగా కోసే పెద్ద కత్తి ఉంది. పంపమంటే చెప్పండి, వెంట్రుకవాసి తేడా రాదు. మీ అబ్బాయి గుడ్డు లేనిదే ఉండలేడంటే నాకొక మాట చెప్పండి, ఆయన సగం నేను పంపుతాను. మా అమ్మాయి గుడ్డు మా అమ్మాయిని తిననివ్వండి.

నాకు మోకాళ్ళున్నాయని గుర్తు చేశారు. ఉన్నాయి. వాటితోనే మెట్లెక్కి ఆ డబ్బాలు పార్శిల్ వేసి వచ్చాను.

మీ వియ్యపురాలు

*

మార్చి 29

వదినగారికి,

నమస్కారం. ముందు నవ్వు ఆపుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

ఇద్దరికీ అంటే మీ అమ్మాయికీ, లోపలున్న బుజ్జిదానికీ అని. మొత్తం గుడ్డు ఆ ఇద్దరిదే. మీ అల్లుడికి పెంకు కూడా దక్కడం లేదు. మీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. పాపం, "నాకు సగం దక్కుతోందని లోకంలో అత్తయ్య ఒక్కతైనా అనుకుంది, అదే చాలు" అని నిట్టూర్చాడు.

టమాటాల మాట. దెబ్బ తిన్నది వేరు, కుళ్ళినది వేరు. బుట్టలో అడుగున పడి ఒక పక్క నొక్కుకుపోయింది దెబ్బ తిన్నది. ఆ పక్క కోసి పారేస్తే మిగతాది బంగారం. నేనూ జీవితంలో నాలుగు దెబ్బలు తిన్నదాన్నే, కుళ్ళిపోలేదు గదా?

ఇక్కడ క్యాంటీన్‌లో వేరే యుద్ధం నడుస్తోంది. మాంసం ధర కొండెక్కింది. వారానికి మూడు రోజులు చిక్కుళ్ళు, అలసందలు వండుతున్నాను. డ్రైవర్లు మూతి ముడుచుకుని తింటున్నారు. కండక్టర్లు బస్సెక్కగానే ముందు కిటికీలన్నీ తీయిస్తున్నారట. కానీ ఒక మాట చెప్పుకోవాలి, ముందు రోజే నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండితే కిటికీల బాధ సగానికి తగ్గింది.

మీ డబ్బాలు చేరాయి. వాటి పుణ్యమా అని ఇంట్లోకి మంచి బలమైన తిండి వచ్చింది. మీ మేలు మరిచిపోము.

మీ వదిన

*

ఏప్రిల్ 9

గరిటెగారికి,

వదినా అని పిలవడానికి ఇవాళ నా నోరు రావడం లేదు.

"డబ్బాల పుణ్యమా అని బలమైన తిండి వచ్చింది" అని రాశారు. నేను పిచ్చిదాన్ని, ఆ ముక్క మా షాపులో పదకొండు మందికీ చదివి వినిపించాను. సూది మీద సూది పెట్టి కుడుతూ అందరూ "మీ వియ్యపురాలు ఎంత మంచిదమ్మా" అన్నారు. ఆ సాయంత్రమే అమ్మాయి ఫోను. "అమ్మా, నీ డబ్బాలు అత్తయ్య షాపులో వాపసు ఇచ్చేసింది. వాటి బదులు పల్లీలు, పెసలు, నలభై గుడ్లు తెచ్చింది. ఎంత తెలివో చూడు!" అంది. తెలివట! నా కూతురు, నా ముందే మీ తెలివిని పొగిడింది.

నేను పంపింది సరుకు కాదు గరిటెగారూ. నా మనసు. నా మనసును తీసుకెళ్ళి మీరు పల్లీల కింద మార్చారు.

ఇంకో రెండు డబ్బాలు పంపుతున్నాను. ఈసారి మూతలు నేనే ఊడదీసి, సీలు చించి, మళ్ళీ పెట్టి దారంతో కట్టాను. ఇక ఏ షాపువాడూ వాపసు తీసుకోడు. అమ్మాయి తాగి తీరాలి.

మీ వియ్యపురాలు

*

ఏప్రిల్ 17

వదినగారికి,

నమస్కారం. తప్పు నాదే. మార్చాక అయినా మీతో చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా మాట తిప్పి రాశాను. గెలిచానని లోలోపల మురిసిపోయాను కూడా. ఆ మురిపెం మీ పదకొండు మంది ముందు మీ పరువు తీస్తుందని తోచలేదు. వాళ్ళకూ నా తరఫున చెప్పండి, మీ వియ్యపురాలు అనుకున్నంత మంచిదేమీ కాదని.

కానీ ఎందుకు మార్చానో కూడా వినాలి. మీ అల్లుడు భూతద్దం పెట్టి డబ్బా వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలు పైకి చదివాడు. నూరు పాళ్ళలో అరవై పాళ్ళు చక్కెర. మిగిలిన నలభైలో వాసన, రంగు, కొంచెం బలం. డబ్బాతో ఊరికే వచ్చిన చిన్న పొట్లం కలిపిస్తే మీ అమ్మాయి ఒకసారి తాగింది. తాగింది తాగినట్టే వచ్చేసింది. రెండోసారి గ్లాసు చూసేసరికే వచ్చేసింది. ఎవరి ఒంటికీ పట్టని పొడికి అంత ఖరీదా అని నాకు ప్రాణం ఉసూరుమంది.

ఈసారి మీరు సీలు చించి పంపినవి కూడా చేరాయి. మీ దారం ముడి విప్పడానికి నాకు పావుగంట పట్టింది, బైండింగ్ చెయ్యి అంటే అదీ. కానీ మనకన్నా ముందు చీమలు చేరాయి. వదినగారూ, మా వంటింటి చీమలకు ఇప్పుడు ఎంత బలమొచ్చిందంటే నిన్న ఒక రొట్టెముక్కను నాలుగే మోసుకుపోయాయి.

మంచి మాట ఒకటి. మొన్న మళ్ళీ రక్తం చూశారు. తొమ్మిదిన్నరకు వచ్చింది. డాక్టరమ్మ "ఏం పెడుతున్నారమ్మా?" అంది. మీ అమ్మాయి "ఆకులు" అంది.

ఒక్క ప్రశ్న. ఇన్ని ఉత్తరాల్లో మా తిండి సంగతంతా అడిగారు. మీరేం తింటున్నారో ఒక్కసారీ రాయలేదు. మీ అమ్మాయి అడిగినా "తిన్నానే" అని ఊరుకుంటారట. ఏం తింటున్నారు?

మీ వదిన

*

ఏప్రిల్ 28

వదినగారికి,

రక్తం పెరిగిందంటే సంతోషం.

నేను బాగానే తింటున్నాను. పొద్దున టీ, బ్రెడ్డు. మధ్యాహ్నం బ్రెడ్డు, టీ. వరస మార్చుకుంటూ తింటే విసుగు రాదు. ఒంటి మనిషికి పొయ్యి వెలిగించడం దండగ.

ఇంతకీ నేనేం తింటున్నానని అడగడంలో మీ ఉద్దేశం నాకు తెలియకపోలేదు. మేము లేనివాళ్ళమే. ఆ సంగతి సంబంధం కలుపుకునే రోజే మీకు తెలుసు. డబ్బాలు కొనే స్తోమత నీకెక్కడిది అని మీరు తిన్నగానే అడిగి ఉండొచ్చు.

ఈ నెల కూడా రెండు పంపుతాను. చీమలకే అయినా సరే.

చెయ్యి వణుకుతోంది, ఇంతటితో ఆపుతాను.

మీ వియ్యపురాలు

*

మే 8

వదినగారికి,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. మీ ఊరి రూటు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మీరు చివరి దాకా చదివేవరకు ఆయన అక్కడి నుంచి కదలడు. ఎలా చదివారని అడిగితే నాకు చెబుతాడు. ఆయన అబద్ధమాడితే మర్నాడు అలసందలు వడ్డిస్తాను, ఆయనకు ఆ భయం ఉంది.

మీ కిందటి ఉత్తరంలో అక్షరాలు గాలికి ఊగిన తీగలా ఉన్నాయి. దారంతో గీత గీసినట్టు రాసే చెయ్యి మీది. అనుమానమొచ్చి సోమవారం ఈయన చేతికే వేయించిన పల్లీల పొట్లం ఇచ్చి మీ షాపుకు పంపాను. ఆయన తిరిగొచ్చి సంగతంతా చెప్పాడు. మీరు శనివారం నాడు ఫారాలు కుడుతూ కుడుతూ బల్ల మీద ఒరిగిపోయారట. మీ తోటివాళ్ళు ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారట. అక్కడ మీ రక్తం చూస్తే ఏడున్నరట!

ఏడున్నర! మీ అమ్మాయికి ఎనిమిదిన్నర ఉందని నాకు మేక కథ చెప్పిన మనిషికి ఏడున్నర!

మీ తోటి ఆవిడ కండక్టరుతో అన్న మాట ఇది: "డబ్బాలు కొనడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆవిడ మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చుకోవడం మానేసిందయ్యా. ఉపవాసం అనేది."

నా మీద కోపంతో మీరు పస్తులున్నారని నేననుకోవడం లేదు. కూతురి మీద ప్రేమతో ఉన్నారు. కానీ అందులో నా చెయ్యీ ఉంది. మొదటి డబ్బా వచ్చినప్పుడే ఫోను చేసి "వదినగారూ, మా పిల్లకిది పడటం లేదు, పంపకండి" అని ఒక్క మాట అంటే రెండో జత మీరు కొనేవారు కాదు. నేనది అనకుండా గుడ్లు లెక్కపెట్టుకున్నాను. మీరేం తింటున్నారని అడిగింది ఎగతాళికి కాదు. ముప్పై ఏళ్ళుగా వడ్డించే మనిషిని. ఎదుటివాళ్ళు తిన్నారా లేదా అన్నది ముఖం చూడకుండానే తెలుస్తుంది నాకు.

ఇక వినండి, ఇది సలహా కాదు, హుకుం. ఒంటి మనిషికి పొయ్యి దండగన్నారు, ఒప్పుకుంటాను. పన్నెండు మందికి దండగ కాదు గదా? మీ షాపులో జిగురు కాచే పొయ్యి ఉంది. మీరు పన్నెండు మంది ఉన్నారు. ఎవరికి వారు బ్రెడ్డు కొనుక్కునే డబ్బు ఒకచోట వేయండి. పెసలు, అలసందలు బస్తా లెక్కన కొంటే చాలా కలిసొస్తుంది. ఒక పెద్ద గిన్నె. ముందు రోజు సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు నానబెట్టండి. పొద్దున జిగురు దించగానే అదే మంట మీద గింజలు ఎక్కించండి. దిగే ముందు ఆకుకూర, పైన నిమ్మకాయ. టీ గంట తర్వాతే. వారానికి నాలుగు గుడ్లు మీకు నేను పంపుతాను, ఈయన బ్యాగులో పగలకుండా తెస్తాడు. వాటిని ఎవరికీ పెట్టకండి. మీరు తినాలి.

అమ్మాయికి నేను చెప్పలేదు. మీరే చెప్పాలి. దాచిపెడితే నేను చెబుతాను.

కండక్టరు అక్కడే ఉన్నాడా? ఆయనకు ఒక గ్లాసు మంచినీళ్ళివ్వండి.

మీ వదిన

*

మే 24

వదినకు,

నమస్కారం. 'గారు' వదిలేశాను. ఇన్ని తిట్లు తిన్నాక ఆ మర్యాద మన మధ్య మరీ బిగుతుగా ఉంది.

అమ్మాయికి నేనే ఫోను చేసి చెప్పాను. ముందు ఏడ్చింది. తర్వాత మీకన్నా ఎక్కువ తిట్టింది. దానికి ఆ గొంతు మీ ఇంట్లోనే వచ్చింది, నేను పంపేటప్పుడు లేదు.

గిన్నె సంగతి చెప్పాలి. ఓనరును అడగడానికి అందరికీ భయం. చివరికి నన్నే ముందుకు తోశారు, పడిపోయిన మనిషిని ఆయన కాదనలేడని. "అయ్యా, మీ పొయ్యి మీద గింజలు ఉడకబెట్టుకుంటాం" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి "జిగురు గిన్నె, తిండి గిన్నె కలిసిపోతేనో?" అన్నాడు. "అయ్యా, నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాం, ఆ మాత్రం తెలియదా?" అని గట్టిగా అన్నాను.

తొలిరోజే కలిసిపోయాయి.

అట్టలు అతికే ఆవిడకు చత్వారం. ఆ మూల చీకటి. పెసరపప్పు బాగా మెత్తగా ఉడికి అచ్చం జిగురులాగే ఉంది. బ్రష్ ముంచి, వరసగా పద్నాలుగు లెక్కల పుస్తకాలకు పప్పు పూసి అట్టలు వేసేసింది. మేము కంచాలు తీసుకుని గిన్నె దగ్గరికి వెళితే సగం గిన్నె ఖాళీ! ఇక రభస చూడాలి. ఓనరు వచ్చాడు. ఒక పుస్తకం తీసుకుని అట్ట పట్టి లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. రాలేదు. వాసన చూశాడు. "మన జిగురుకన్నా ఇదే నయంగా ఉందే" అని, గిన్నెలోకి తొంగి చూసి, "ఇంకా మిగిలిందా?" అన్నాడు. ఆ రోజు నుంచి పదమూడు కంచాలు. ఆయన వాటాకు నిమ్మకాయలన్నీ ఆయనే తెస్తున్నాడు. పద్నాలుగు పుస్తకాలూ మాత్రం మళ్ళీ విప్పి కుట్టించాడు, పప్పుకు పురుగు పట్టక మానదని.

మీరు పంపిన గుడ్లు చేరుతున్నాయి. మొదటివారం ఒకటి పగిలింది. కండక్టరు టికెట్ల కట్టంతా పసుపయింది. తుడుచుకుని మిగతా మూడూ నా చేతికిచ్చాడు. మంచి మనిషి.

నిన్న మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. ఎనిమిది. మీరు చెప్పినట్టే టీ గంట తర్వాతే తాగుతున్నాను. ఆ గంటే కష్టంగా ఉంది.

ఒక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. డబ్బాలు ఎందుకు పంపానో మీకింకా సరిగ్గా తెలియదు. నాకు వంట రాదు వదినా. ఎప్పుడూ రాలేదు. మా అమ్మాయి చిన్నప్పుడు వాళ్ళ నాన్న పోయాక పొద్దున్నే షాపుకు పరుగెత్తాలి. ఏదో ఒకటి పొయ్యి మీద పడేసేదాన్ని. ఏది వండినా అడుగంటేది. పిల్ల నోరెత్తకుండా తినేది. పెళ్ళయి మీ ఇంటికొచ్చాక తొలి ఫోనులోనే "అమ్మా, ఇక్కడ ఏదీ మాడదు" అంది. అది సంతోషంగా చెప్పిందే. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. కడుపుతో ఉందని తెలిసినప్పుడు నా చేత్తో ఏదైనా పెట్టాలనిపించింది. కానీ నా చేతి వంట మీ వంట పక్కన ఏం నిలుస్తుంది? డబ్బా అయితే రుచి బాగాలేకపోయినా ఆ తప్పు నాది కాదు గదా.

అంతే. రాసేశాను. చదివి చింపెయ్యండి.

పన్నెండు మందికి ఉప్పు ఎంత వేయాలో రాయండి. ముందు వేయాలా, తర్వాత వేయాలా అన్న గొడవ వద్దు.

మీ
వదిన

*

జూన్ 9

వదినా,

చింపలేదు. నీ కూతురికి ఇచ్చాను. తప్పయితే తిట్టు. నేనూ ఇక 'మీరు' అనలేను, నీ వయసు నాకన్నా రెండేళ్ళు తక్కువేనట.

ఉప్పు చిన్న గరిటెతో రెండు, అంచుకు సమంగా తలగొట్టి. ఎప్పుడు వేస్తావో నీ ఇష్టం. చూశావా, ఎంత మారిపోయానో.

మీ అమ్మాయికి ఇప్పుడు పదిన్నర. డాక్టరమ్మ చీటీ వెనక తను రాసిన జాబితాను వచ్చిన ప్రతి తల్లికీ రాసిస్తోందట. క్యాంటీన్‌లో డ్రైవర్లు కూడా లొంగిపోయారు. ఎవడికో సుగరు తగ్గిందట, ఎవడికో పొట్ట తగ్గి స్టీరింగుకూ చొక్కాకూ మధ్య చోటొచ్చిందట. నూనె ధర మళ్ళీ పెరిగింది. వేపుళ్ళు మొత్తం ఎత్తేశాను. నాలుగు రోజులు సమ్మె చేస్తామన్నారు, అయిదో రోజు మరిచిపోయారు.

ఇప్పుడు ఒక ఇబ్బందిలో పడ్డాను. నువ్వే గట్టెక్కించాలి.

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి మీ అమ్మాయికి వేరే ధ్యాస లేదు. పాలకూర పప్పు పెడితే కంచం పక్కకు నెట్టి, "అత్తయ్యా, అమ్మ చేసినట్టు కావాలి" అంది. ఎలా చేసేది అంటే, "అడుగంటాలి. కానీ బాగా మాడకూడదు. పొగ వాసన కొంచెం రావాలి. గిన్నె గోకితే నల్లటి పొర ముక్కలు ముక్కలుగా రావాలి, అవి నాకే వేసేది" అంది. ఇదేం కోరికే తల్లీ అన్నాను. "అదే కావాలి" అని ఏడ్చింది.

వదినా, ముప్పై ఏళ్ళ చెయ్యి నాది. రోజుకు రెండు వందల మందికి వండుతాను. నా పనే మాడకుండా చూడటం. ఆ పప్పును నాలుగుసార్లు మాడ్చబోయాను. మొదటిసారి చెయ్యి ఊరుకోక కలిపేశాను. రెండోసారి మంట పెంచి చేతులు కట్టుకుని నిలబడితే బొగ్గయింది. మీ అల్లుడు మూడోసారి వాచీ పట్టుకుని నిలబడ్డాడు, నిమిషాలు లెక్కపెట్టాడు. అప్పుడు మాడలేదు, ముద్దయింది. నాలుగోసారిది రుచి చూసి మీ అమ్మాయి నన్ను ఓదార్చింది. "పోనీలెండి అత్తయ్యా, అందరికీ రాదు" అంది. నాతో!

ధరలు మండుతున్న రోజుల్లో నాలుగు గిన్నెల పప్పు మట్టి చేశాను. ఇన్నాళ్ళూ కడుపు మాడ్చుకున్నావని నిన్ను తిట్టాను. ఇప్పుడు వచ్చి పప్పు మాడ్చమని బతిమాలుకుంటున్నాను. మీ ఓనరును పది రోజులు సెలవడుగు. ఇవ్వనంటే ఉత్తరం నాకు పంపు, కండక్టరుతో అలసందలు పంపిస్తాను.

మీ అమ్మాయి ఇక్కడ నా పక్కనే కూర్చుని ఏం రాస్తున్నానో తొంగి చూస్తోంది. చివర్లో తనూ ఒక ముక్క రాస్తానని కలం లాక్కుంది: అమ్మా రా.

నీ
వదిన

*

జూన్ 15

వదినా,

ఓనరు సెలవిచ్చాడు. పది రోజులు కాదు, పదిహేను. "అంతదాకా గిన్నె ఎవరు చూస్తారు?" అని మాత్రం అడిగాడు. అట్టలు అతికే ఆవిడకు అప్పగించాను, కొత్త కళ్ళజోడు వచ్చింది.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. డబ్బాలేమీ తేవడం లేదు. రెండు చేతులే తెస్తున్నాను.

నేను వచ్చేదాకా ఆ పప్పు జోలికి వెళ్ళకు, ఇంకో గిన్నె మట్టి చేయకు. నువ్వు చేసిన తప్పేమిటో చదవగానే నాకు తెలిసిపోయింది. మీరంతా గిన్నె చుట్టూ నిలబడి దాని వంకే చూస్తున్నారు. అలా చూస్తూ ఉంటే సరిగ్గా ఎలా మాడుతుంది? పప్పు పొయ్యి మీద పెట్టి, వెనక్కి తిరిగి, పిల్లకు జడ వేయాలి. బడిలో ఏం జరిగిందో అది చెబుతుంటే వినాలి. మధ్యలో అది నవ్వాలి, నేనూ నవ్వాలి. ఇద్దరికీ ఒకేసారి వాసన రావాలి.

మా ఇంట్లో రోజూ అలాగే మాడేది.

నీ
వదిన